కొండల మీది బౌద్ధ ధ్యాన శిబిరానికి ఎలా తయారవ్వాలి

శిబిరం సగంలో సంచి సర్దుకుని కొండ దిగేవాళ్లను ఎక్కువగా వెనక్కి పంపేవి చిన్న విషయాలే. మోకాలి నొప్పి, కాఫీ మానేసినందుకు వచ్చిన తలపోటు, ఆరని సాక్సులు, ఇంట్లో ఎవరికీ అప్పజెప్పకుండా వదిలేసిన పని. వీటన్నిటికీ ఇంటి దగ్గరే మందు ఉంది, కాకపోతే ఆరు వారాల ముందు నుంచే మొదలుపెట్టాలి. మనసు సంగతి శిబిరం చూసుకుంటుంది. ఒంటినీ ఇంటినీ సిద్ధం చేసుకుని వెళ్లడం మీ వంతు.

ముందు ఏ పద్ధతి శిబిరమో తేల్చుకోండి

బౌద్ధ ధ్యానం అంటే అన్నిచోట్లా ఒకే దినచర్య ఉండదు. ఏ పద్ధతికి వెళ్తున్నారన్న దాన్నిబట్టి మీ తయారీ మారుతుంది.

విపశ్యన ధ్యానాన్ని ప్రచారం చేసిన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి సంప్రదాయంలో నడిచే విపశ్యన కోర్సు పది రోజులు. చేరే రోజు, బయల్దేరే రోజు కలుపుకుంటే పన్నెండు. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది, రాత్రి 9:30కి దీపాలు ఆర్పేస్తారు, మధ్యలో పది గంటలకు పైగా కూర్చోవడమే. మొదటి మూడు రోజులు ఆనాపానసతి, అంటే ముక్కు దగ్గర ఊపిరిని గమనించడం. నాలుగో రోజు విపశ్యన, అంటే ఒంట్లోని స్పర్శలను గమనించడం నేర్పుతారు. అక్కడి నుంచి రోజుకు మూడుసార్లు, గంట చొప్పున, కాళ్లూ చేతులూ కదపకుండా కళ్లు తెరవకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. నడక ధ్యానం విడిగా ఉండదు. ఫీజు లేదు, కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇచ్చే దానంతోనే కేంద్రాలు నడుస్తాయి.

బర్మా భిక్షువు మహాసీ సయాడో నేర్పిన పద్ధతిలో సాధారణంగా గంట కూర్చోవడం, గంట నడవడం వంతులవారీగా సాగుతాయి. రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ గురువుతో కాసేపు మాట్లాడాలి, ఏం గమనించారో చెప్పాలి. జపాన్ జెన్ సంప్రదాయపు శిబిరమైన సెషిన్‌లో 25 నుంచి 50 నిమిషాల చొప్పున కూర్చుంటారు, మధ్యలో కిన్‌హిన్ అనే నెమ్మది నడక ఉంటుంది. భోజనం కూడా ఒక క్రమం ప్రకారం గిన్నెలు విప్పి, తిని, కడిగి, కట్టే దాకా సాధనలో భాగమే. టిబెటన్ శిబిరాల్లో ఉపన్యాసాలు ఎక్కువ. ఒక విషయాన్ని తర్కించి చూసే ధ్యానం, బుద్ధరూపాన్ని మనసులో నిలుపుకునే ధ్యానం, సాష్టాంగ ప్రణామాలు ఉంటాయి.

మోకాళ్లు అంతంత మాత్రంగా ఉంటే మొదటిసారి నడక కలిసిన పద్ధతి ఎంచుకోవడం తెలివైన పని. ఎప్పుడూ వరుసగా అరగంట కూర్చోనివాళ్లు తిన్నగా పది రోజులకు దరఖాస్తు పెట్టడం తప్పేమీ కాదు, నిజానికి పది రోజుల కోర్సులు కొత్తవాళ్ల కోసమే ఉన్నాయి. కానీ కొండల్లో పది రోజులంటే చలి, ఎత్తు కూడా తోడవుతాయి. రెండు మూడు రోజుల శిబిరం ఒకటి మైదానంలో చేసి వెళ్లగలిగితే సగం భయం పోతుంది.

సీటు ఖాయం చేసుకునే ముందు కేంద్రాన్ని ఇవి అడగండి: పడుకునే చోటు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తు? గదిలో, ధ్యాన మందిరంలో వేడి చేసే ఏర్పాటు ఉందా? గదికీ మందిరానికీ ఎంత దూరం, మధ్యలో మెట్లెన్ని? పరుపు, కంబళి ఇస్తారా? కుర్చీ దొరుకుతుందా? మధ్యాహ్నం తర్వాత ఏమైనా పెడతారా? చివరి దారి నడిచి ఎక్కాలా? దగ్గరి ఆసుపత్రికి ఎంతసేపు? ఈ చివరి ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు, మంచి కేంద్రాలు దీనికి తడుముకోకుండా జవాబు చెబుతాయి.

దరఖాస్తులో దాచకండి

ఫారంలో ఆరోగ్యం గురించి, ముఖ్యంగా మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. రాస్తే సీటు ఇవ్వరేమోనని దాచడం పెద్ద పొరపాటు. బైపోలార్ (మనసు ఉద్రేకానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లకు నిద్ర తగ్గడమే ఉన్మాద దశను రేపగలదు. తెల్లవారుజామున నాలుగుకు లేపే చోట అది చిన్న విషయం కాదు. ఆ జబ్బుకు ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లు నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. కొండల పొడి గాలి ఈ ముప్పును ఇంకా పెంచుతుంది. గతంలో భ్రాంతులు కలిగినవాళ్లు, ఈ మధ్యే ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్లు, తీవ్రమైన ఆందోళనకు మందులు వాడుతున్నవాళ్లు ముందు తమ డాక్టరుతో, తర్వాత కేంద్రంతో మాట్లాడి తేల్చుకోవాలి. ధ్యానం చేస్తున్నాం కదా అని మందులు మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఆరు వారాల ముందు: కూర్చోవడం నేర్చుకోండి

బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండాలి. పిరుదులు, రెండు మోకాళ్లు, ఈ మూడు చోట్లా బరువు ఆనాలి. మోకాళ్లు గాల్లో తేలుతున్నాయంటే నడుం వెనక్కి కూలబడి గూని వస్తుంది, అరగంట తిరక్కుండానే భుజాల మధ్య మంట మొదలవుతుంది. మంట వీపులో ఉన్నా దానికి కారణం ఆసనం ఎత్తే. మందపాటి దుప్పటిని మడిచి 10 సెంటీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టండి. మోకాళ్లు నేలకు తగిలేదాకా ఒక్కో మడత పెంచుకుంటూ వెళ్లండి. మెత్తటి తలదిండు పనికిరాదు, పది నిమిషాల్లో అణిగిపోతుంది. ఆసనం నిండుగా కూర్చోకుండా ముందువైపు మూడోవంతు మీదే కూర్చుంటే నడుం దానంతట అదే నిలబడుతుంది. కుదిరిన ఎత్తు ఎంతో కొలిచి రాసిపెట్టుకోండి. శిబిరంలో మొదటి రోజే అంత ఎత్తు కట్టుకోవచ్చు, నాలుగో రోజు దాకా దిండ్లు మారుస్తూ ఉండక్కర్లేదు.

కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకుండా రెండు పాదాలనూ ఒకదాని ముందు ఒకటి నేల మీదే ఉంచడం సులువైన పద్ధతి. దీన్ని బర్మీస్ భంగిమ అంటారు. పద్మాసనం వేయగలిగినవాళ్లు కూడా రోజంతా దాంట్లో ఉండాలని పట్టు పట్టకండి. మోకాలు తలుపు బందులాంటిది, ముడుచుకోవడం, చాచుకోవడమే దాని పని. మెలి తిరగాల్సింది తుంటి కీలు. తుంటి బిగుసుకుని ఉన్నప్పుడు కాలిని బలవంతంగా మెలిపెడితే ఆ భారమంతా మోకాలిలోని మృదులాస్థి మీద పడుతుంది. అందుకే రోజూ పది నిమిషాలు బద్ధకోణాసనం (అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకు వదిలి కూర్చోవడం) వేయండి. దాంతోపాటు వెల్లకిలా పడుకుని ఒక మడమను ఎదుటి తొడ మీద పెట్టి దగ్గరికి లాక్కోండి. ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది, ఆరు రోజుల్లో తెలియదు.

ఇవేవీ కుదరకపోతే మోకాళ్ల మీద కూర్చునే చిన్న పీట వాడండి. 18 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు, సీటు కొంచెం ముందుకు వాలి ఉండాలి. కాళ్లు పీట కిందుగా పోనిచ్చి కూర్చోవాలి. కుర్చీ అయినా ఫరవాలేదు. పాదాలు రెండూ నేలకు ఆని, వీపు వెనక్కి ఆనించకుండా ఉంటే చాలు.

నొప్పుల్లో తేడా ఇంటి దగ్గరే తెలుసుకోండి, ఎందుకంటే అక్కడ మౌనంలో ప్రతి నొప్పీ కొండంతలా కనిపిస్తుంది. తొడల్లో, నడుంలో సలుపుగా ఉండి, చోటు మారుతూ, లేచి నాలుగడుగులు వేయగానే తగ్గిపోయేది మామూలు నొప్పి. మోకాలి లోపలివైపు సూదిలా పొడిచి, లేచాక కూడా ఉండి, మెట్లెక్కేటప్పుడు పట్టేసేది మామూలుది కాదు, ఆ భంగిమ వదిలేయాలి. కాలు తిమ్మిరెక్కడానికి ఎక్కువగా కారణం నరం నొక్కుకుపోవడం. మోకాలి బయటివైపు ఎముకకు ఆనుకుని ఒక నరం పోతుంది, అది ఒత్తుకుంటే పాదం మొద్దుబారుతుంది. గంట మోగగానే ఆ కాలి మీద లేచి నిలబడితే చీలమండ మడతపడి పడిపోతారు. కాలు చాచి, స్పర్శ పూర్తిగా వచ్చాకే లేవండి. కొన్ని నిమిషాలు గడిచినా బొటనవేలు పైకి ఎత్తలేకపోతున్నారంటే ఆ భంగిమను ఇక వాడకండి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

వ్యవధి ఇలా పెంచండి. మొదటి వారం రోజుకు రెండుసార్లు 20 నిమిషాలు, రెండో వారం 30, మూడో వారం 40. నాలుగో వారం పొద్దున ఒక పూర్తి గంట, సాయంత్రం 30 నిమిషాలు. ఐదో వారంలో ఒక సెలవు రోజు చూసుకుని పొద్దున 5 నుంచి 11 వరకు, గంట కూర్చోవడం, పది నిమిషాలు నెమ్మదిగా నడవడం, మధ్యలో టిఫిన్‌కి విరామం. ఫోను వేరే గదిలో. ఆ ఆరు గంటలు మీ ఆసనం, దుస్తులు, మోకాళ్లు, ఓపిక అన్నిటికీ పరీక్ష. ఆరో వారం తగ్గించండి, రోజుకు 40 నిమిషాలు చాలు. ఒళ్లు పులిసిపోయి శిబిరానికి వెళ్లకూడదు.

దీంతోపాటు వారానికి ఐదు రోజులు 45 నిమిషాల నడక, అందులో మెట్లు ఉంటే మరీ మంచిది. చివరి రెండు వారాలు తీసుకెళ్లబోయే సంచిని వీపుకు తగిలించుకుని నడవండి. ఎక్కడం కన్నా దిగడమే తొడలకు ఎక్కువ నొప్పి తెస్తుందని అప్పుడు తెలుస్తుంది.

మూడు వారాల ముందు: కాఫీ, నిద్ర, రాత్రి భోజనం

రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా కాఫీ మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. అంటే శిబిరం మొదలైన రోజే మానేస్తే కోర్సు మొత్తం ఆ మగతలోనే గడవచ్చు. మూడు నాలుగు రోజులకు ఒకసారి పావువంతు చొప్పున తగ్గించండి, రెండు వారాల్లో సున్నాకు వస్తారు. కేంద్రంలో టీ ఇస్తారని తెలిసినా తగ్గించే వెళ్లడం మేలు, ఎందుకంటే వాళ్ల టీ మీ టీ అంత చిక్కగా ఉండకపోవచ్చు. సిగరెట్టు సంగతీ ఇంతే, కాకపోతే మొదటి మూడు రోజులు ఇంకా గట్టిగా ఉంటాయి కాబట్టి కనీసం రెండు వారాల ముందే మానేయాలి. రోజూ ఎక్కువ మద్యం తాగే అలవాటున్నవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారి ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి, అది పూర్తయ్యాకే శిబిరం.

నిద్రవేళ మార్చడానికి లెక్క సులువు. రోజూ ఏడింటికి లేచేవాళ్లు నాలుగుకు రావాలంటే 180 నిమిషాలు ముందుకు జరగాలి. రెండు రోజులకోసారి 20 నిమిషాలు ముందుకు జరిపితే 18 రోజులు పడుతుంది. లేచే సమయం మార్చి పడుకునే సమయం మార్చకపోతే ఉపయోగం లేదు, రాత్రి తొమ్మిదిన్నరకల్లా దీపం ఆరిపోవాలి. లేవగానే వెలుతురులో ఉండండి.

భోజనం విషయంలో పంచశీలాలు పాటించే శిబిరాలకూ అష్టశీలాల శిబిరాలకూ తేడా ఉంది. పంచశీలాలంటే ప్రాణహింస, దొంగతనం, తప్పుడు లైంగిక ప్రవర్తన, అబద్ధం, మత్తు మానడం. అష్టశీలాల్లో మూడోది పూర్తి బ్రహ్మచర్యంగా మారుతుంది. వాటికి తోడు మధ్యాహ్నం తర్వాత ఘనాహారం లేకపోవడం, ఆటపాటలూ అలంకారాలూ మానడం, ఎత్తైన విలాసవంతమైన పడక వాడకపోవడం ఉంటాయి. విపశ్యన కోర్సుల్లో కొత్తవాళ్లకు సాయంత్రం ఐదింటికి టీ, కొంచెం పండో ఫలమో ఉంటాయి. ఇంతకుముందే కోర్సు పూర్తిచేసిన పాత సాధకులకు నిమ్మనీళ్లే. మీది ఏ రకమో చూసుకుని రాత్రి భోజనాన్ని వారం వారం ముందుకు జరుపుతూ, తగ్గిస్తూ రండి. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకు పద్దెనిమిది గంటల ఖాళీ కడుపు ప్రమాదం. డాక్టరుతో మోతాదు మాట్లాడుకుని, సాయంత్రం తినే వీలు కల్పించమని కేంద్రానికి ముందే రాయండి. అలాంటి వెసులుబాటు శీలానికి భంగమేమీ కాదు.

ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటి ఉంది, మలబద్ధకం. కదలిక తగ్గుతుంది, తిండి మారుతుంది, చలికి నీళ్లు తాగబుద్ధి కాదు. మూడో రోజుకు పొట్ట రాయిలా అయితే ఊపిరి మీద ధ్యాస నిలవదు. చిన్న పొట్లం ఇసబ్‌గోల్ పెట్టుకోండి, కానీ నిండు గ్లాసుడు నీళ్లతోనే వేసుకోవాలి, నీళ్లు తక్కువైతే ఇంకా బిగుసుకుంటుంది.

సంచి: వెచ్చగా, మెత్తగా, చప్పుడు లేకుండా

వెయ్యి మీటర్లు పైకి వెళ్లేకొద్దీ సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చలి పెరుగుతుంది. కానీ మీరు లెక్కవేసుకోవాల్సింది వాతావరణ సూచనలోని అంకెను కాదు. తెల్లవారుజాము నాలుగున్నరకు, ఖాళీ కడుపుతో, గంటసేపు కదలకుండా కూర్చున్న ఒంటికి ఎంత చలేస్తుందన్నది లెక్క. నడిచే మనిషికి సరిపోయిన స్వెట్టరు కూర్చున్న మనిషికి చాలదు. చర్మానికి తగిలే పొర ఉన్నిదో పాలిస్టరుదో ఉండాలి. నూలు చెమటను పట్టుకుని ఆరదు, మెట్లెక్కి చెమటపట్టి మందిరంలో కూర్చోగానే వణుకు మొదలవుతుంది. దాని మీద ఫ్లీస్, ఆ పైన శాలువా. గాలి ఆపే జాకెట్టు దారి కోసమే.

ఎందుకంటే ఆ నైలాన్ జాకెట్టు ఒక్కసారి ఊపిరి పీల్చినా కరకరలాడుతుంది. అరవై మంది మౌనంగా ఉన్న గదిలో వెల్క్రో పట్టీ ఊడదీస్తే అందరి తలలూ తిరుగుతాయి. జేబులో చాక్లెట్ కాగితం కూడా అంతే. దుకాణంలో బట్టలు కొనేటప్పుడు చేతుల్లో నలిపి చెవి దగ్గర పెట్టుకుని వినండి. ప్యాంట్లు మోకాలి దగ్గర, తొడల దగ్గర వదులుగా ఉండాలి. బిగుతు జీన్స్‌తో గంట కూర్చోవడం మోకాలి వెనక తాడు కట్టుకున్నట్టే. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు, బిగుతు బట్టలు చాలాచోట్ల ఒప్పుకోరు. శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్‌లలో పాటించే థేరవాద సంప్రదాయపు కేంద్రాల్లో అష్టశీలాలు తీసుకునేవాళ్లను తెల్లబట్టలు వేసుకోమనవచ్చు. సెంటు, వాసన నూనె, గలగలలాడే గాజులు, పట్టీలు ఇంట్లో వదిలేయండి.

చెప్పుల విషయం తేలిగ్గా తీసుకోకండి. రోజుకు పదిసార్లకు పైగా విప్పి తొడుక్కోవాలి కాబట్టి కొండ దారికి లేసుల బూట్లు, కేంద్రంలో తిరగడానికి తొడుక్కునే రకం చెప్పులు, రెండూ కావాలి. మందపాటి సాక్సులు నాలుగు జతలు తీసుకోండి. తడిసినవి కొండల్లో రెండు రోజులైనా ఆరవు.

ఫోను అప్పజెప్పాల్సి వస్తుంది కాబట్టి అలారం గడియారం ఒకటి, టిక్కుటిక్కు మననిది. తలకు పెట్టుకునే లైటు, ఎర్ర వెలుగు ఉన్నదైతే గదిలో వాళ్ల నిద్ర చెడదు. చలికి బ్యాటరీలు త్వరగా చతికిలబడతాయి, విడివి రెండు జతలు. లీటరు స్టీలు సీసా అయితే రాత్రి వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పాదాల దగ్గర పెట్టుకోవచ్చు. పక్కమంచం గురక కోసం చెవిలో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు. పెదాలకు రాసుకునే బామ్, సన్‌స్క్రీన్ కూడా పెట్టుకోండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు సుమారు పదిశాతం పెరుగుతాయి, చలిగా ఉంది కదా అని మోసపోతే నడక ధ్యానంలో ముఖం మాడుతుంది. రోజూ వేసుకునే మందులు నాలుగైదు రోజులకు అదనంగా, చీటీతో సహా. కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే ఆ అదనపు రోజులే ఆదుకుంటాయి.

పుస్తకాలు, డైరీ, జపమాల, సంగీతం, సొంత తినుబండారాలు విపశ్యన కోర్సుల్లో అనుమతించరు. టిబెటన్ శిబిరాల్లో నోటు పుస్తకం తప్పనిసరి అవుతుంది, కాబట్టి కేంద్రం ఇచ్చిన జాబితానే నమ్మండి.

వారం ముందు: ఇల్లు చక్కబెట్టుకోండి

రెండో రోజు మధ్యాహ్నం కళ్లు మూసుకోగానే గుర్తొచ్చేది నిర్వాణం కాదు, గ్యాసు బుకింగు. బిల్లులు, ఈఎంఐలు, పిల్లల ఫీజులు, మీరు లేని రోజుల్లో గడువు పడేవన్నీ ముందే కట్టేయండి. మీ ఫోనుకు వచ్చే ఓటీపీ మీద ఇంట్లో ఎవరి పనైనా ఆధారపడి ఉందా చూడండి, ఇది దాదాపు అందరూ మర్చిపోతారు. ఆఫీసులో మీ పని ఎవరు చూస్తారో పేరుతో సహా రాసి ఇవ్వండి. "అందుబాటులో ఉండకపోవచ్చు" అని రాయకండి, "ఫలానా తేదీ వరకు ఫోను చూడను" అని రాయండి.

ఇంట్లో ఒక్కరిని ఎంచుకుని కేంద్రం ఆఫీసు నంబరు వాళ్లకే ఇవ్వండి. ఏమైతే ఫోను చేయాలో ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఆసుపత్రి, మరణం, పోలీసు, అంతే. ఈ హద్దు గీయకపోతే ఇంటివాళ్లకూ ఇబ్బందే, ప్రతి చిన్నదానికీ చెయ్యాలా వద్దా అని నలుగుతారు. పెద్దవాళ్లకు, ముఖ్యంగా అమ్మానాన్నలకు, ఇన్ని రోజులు గొంతు వినపడదని రెండుసార్లు చెప్పండి. ఒకసారి చెబితే మర్చిపోయి మూడో రోజు కంగారుపడతారు.

ప్రయాణం, ఎత్తు

శిబిరం మొదలయ్యే రోజే పరుగున చేరేలా టికెట్లు తీసుకోకండి. కనీసం ఒక రోజు ముందు, పగటి వెలుగులో చేరాలి. వానాకాలమైతే కొండ రోడ్డు మీద పొద్దున బయల్దేరండి, దారిలో ఎక్కడ ఆగిపోయినా వెలుగు మిగిలి ఉంటుంది. మలుపులకు వాంతులయ్యేవాళ్లు ముందు సీటులో, దూరంగా కనిపించే కొండ మీద చూపు పెట్టి కూర్చోవాలి. నగదు దగ్గర పెట్టుకోండి, పైన ఏటీఎం ఉన్నా డబ్బు ఉంటుందన్న హామీ లేదు.

కేంద్రం 2,500 మీటర్లకు దిగువన ఉంటే ఎత్తు గురించి ఎక్కువమంది పెద్దగా ఆలోచించక్కర్లేదు. దానికి పైన అయితే ఆలోచించాల్సిందే. లేహ్ లాంటి 3,500 మీటర్ల చోట గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 65 శాతమే. విమానంలో దిగిన మనిషికి ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నీరసం మొదలవ్వొచ్చు. శిబిరానికి రెండు మూడు రోజుల ముందే చేరి ఏ పనీ పెట్టుకోకుండా ఉండండి. ఇంకా పైకి వెళ్లేదుంటే 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకు ఒకరోజు ఎక్కకుండా ఆగాలి. ముందుజాగ్రత్తకు అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది, అది మీకు పనికొస్తుందో లేదో డాక్టరే చెప్పాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి. నిద్రమాత్రలు, మద్యం వద్దు.

ధ్యానం చేసేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎత్తైన చోట నిద్రలో ఊపిరి వింతగా నడుస్తుంది. నాలుగైదు శ్వాసలు గబగబా లోతుగా, తర్వాత కొన్ని సెకన్లు పూర్తిగా ఆగిపోవడం, మళ్లీ ఒక్కసారిగా గుండెలనిండా పీల్చుకోవడం. ఆక్సిజన్ తక్కువైనందుకు ఒళ్లు ఎక్కువ పీలుస్తుంది, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, అది పడిపోగానే పీల్చమనే ఆజ్ఞ కాసేపు ఆగుతుంది. పగలంతా ఊపిరినే గమనించిన మనిషి రాత్రి ఈ ఆగడాన్ని కూడా పట్టేస్తాడు, ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. కొందరు భయపడతారు, కొందరు సమాధి కుదిరిందనుకుంటారు. రెండూ కావు. మిగతా లక్షణాలేవీ లేకపోతే దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

అసలు ప్రమాదం, తలనొప్పిని "లోపలి మలినాలు బయటికి పోతున్నాయి" అని సరిపెట్టుకోవడం. తలనొప్పితో వాంతులు వస్తున్నాయంటే మౌనం పక్కన పెట్టి మేనేజరుకు చెప్పండి. మడమకు వేలు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడి అయోమయంగా ఉన్నా ఇక తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే కిందికి దించాలి. శిబిరంలో పాటించే ఆర్య మౌనం అన్న నియమం తోటి సాధకులతో మాట్లాడకపోవడం గురించి. నిర్వాహకులతో అవసరం చెప్పుకోవడం ఎప్పుడూ అందులో నిషేధం కాదు.

చేరిన రోజు, మొదటి మూడు రోజులు

గది చూపించగానే మంచం పరుచుకుని, చీకటి పడేలోపు గది నుంచి మందిరానికి, మరుగుదొడ్డికి ఒకసారి నడిచి మెట్లు లెక్కపెట్టుకోండి. తెల్లవారుజామున అదే దారి మంచుతో జారుతుంది. మందిరంలో మీ చోటు గుర్తుపెట్టుకుని, కొలిచి రాసుకున్న ఎత్తుకు ఆసనం కట్టుకోండి. బుద్ధ విగ్రహం వైపు, గురువు వైపు కాళ్లు చాచకూడదు. టిబెటన్ కేంద్రాల్లో ధర్మగ్రంథాన్ని నేల మీద పెట్టకూడదు, దాటకూడదు. ప్రణామం చేయడం ఇష్టం లేకపోతే నిశ్శబ్దంగా నిలబడితే చాలు.

మొదటి రెండు రోజులు నిద్ర ముంచుకొస్తుంది. ఇది కొత్త సమస్యేమీ కాదు. కూర్చుని కునికిపాట్లు పడుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన ఉపాయాలు అంగుత్తర నికాయం అనే పాళీ బౌద్ధ గ్రంథంలో వరుసగా ఉన్నాయి. నిద్రకు కారణమైన తలపును వదిలేయడం, విన్న ధర్మాన్ని తలచుకోవడం, పైకి చదవడం, చెవులు లాగి ఒళ్లు రుద్దుకోవడం, లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని నక్షత్రాల వైపు చూడడం, వెలుగును మనసులో ఊహించడం, అటూ ఇటూ నడవడం. ఏదీ పనిచేయకపోతే కుడివైపుకు తిరిగి కాసేపు పడుకోమన్నాడు. మౌన శిబిరంలో పైకి చదవడం ఒక్కటీ కుదరదు, మిగతావన్నీ ఈరోజుకీ పనికొస్తాయి. భోజనం తర్వాత విరామంలో ఇరవై నిమిషాల కునుకు తీయండి, గంటన్నర పడుకుంటే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

రెండో రోజు, మూడో రోజు వెళ్లిపోదామనిపిస్తుంది. కారణాలు చాలా పకడ్బందీగా తోస్తాయి కూడా. వెళ్లడం మీ హక్కే, కానీ నిర్ణయం రాత్రి తీసుకోకండి. గురువుతో మాట్లాడి, నిద్రపోయి, మర్నాడు టిఫిన్ తర్వాత మళ్లీ చూసుకోండి. దీనికి ఒక మినహాయింపు ఉంది. రెండు రాత్రులు బొత్తిగా నిద్ర పట్టకుండా, ఆలోచనలు ఆగకుండా పరిగెత్తుతూ, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంటే అది సాధనలో మెట్టు అనుకోకుండా ఆ గంటలోనే చెప్పాలి. అలాంటప్పుడు ధ్యానం ఆపడమే సరైన వైద్యం మొదలుపెట్టడానికి దారి.

దిగేటప్పుడు

శిబిరం ముగిసిన రోజే విమానం ఎక్కేలా టికెట్టు తీసుకోకండి, కింద ఊళ్లో ఒక రాత్రి ఆగేలా చూసుకోండి. దానం ఇవ్వదలిస్తే కవరులో నగదు విడిగా పెట్టుకోండి, ఎంతన్నది చివరి రోజు తేల్చుకోవచ్చు. ఫోను చేతికి రాగానే ముందు ఇంటికి ఒక్క కాల్ చేసి మళ్లీ ఆపేయండి. కొండ మలుపుల్లో రెండొందల మెసేజీలు చదివితే వాంతి రావడం ఖాయం. బండి సొంతంగా నడిపి దిగాల్సి వస్తే ఆ పూట వేరొకరికి ఇవ్వండి. ఇన్ని రోజుల నిశ్శబ్దం తర్వాత హారన్లు, లారీలు, ఎదురొచ్చే లైట్లు ఒక్కసారిగా మీద పడతాయి, స్పందన మందకొడిగా ఉంటుంది. కాఫీ మళ్లీ మొదలుపెట్టేట్లయితే సగం కప్పుతో మొదలుపెట్టండి, మధ్యాహ్నం రెండు దాటకుండా.